చివరకు మిగిలేది ఎవరికి?

దుఃఖాన్నీ, తనను తాను వెతుక్కోవడాన్నీ కలిపి చెప్పిన తెలుగు నవల ఏదంటే సాహిత్యం చదువుకున్నవాళ్ళు వెంటనే చెప్పే పేరు ‘చివరకు మిగిలేది’. బుచ్చిబాబు రాసిన ఒకే ఒక్క నవల. 1946-47లో ‘నవోదయ’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ కూడా ఆ ఏళ్ళదే. ఈ రెండింటితో తెలుగు నవల వీధిలోంచి మనిషి లోపలికి తిరిగిందని సాహిత్య చరిత్రలు చెప్తాయి. నిజమే. అయితే ఆ మనిషి మగవాడన్న సంగతిని అవి విడిగా చెప్పవు. చెప్పనక్కరలేదనుకుంటాయి.

అదే 1946లో, జూలై 4న, కడివెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపారు. తెలంగాణ సాయుధ పోరాటం రాజుకుంది. మద్రాసు రాష్ట్రంలో ఒక డాక్టరు తల్లిని తలుచుకుంటూ జీవితానికి అర్థం వెతుక్కుంటున్న నెలల్లోనే, నైజాం సరిహద్దు ఇవతల ఆడవాళ్ళు గుత్పలు పట్టుకుని నిలబడ్డారు. కొందరు అడవికి పోయారు. కొందరు అక్కడ బిడ్డలను పోగొట్టుకున్నారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడం సాహిత్య విభాగాల్లో అలవాటు లేదు. ఒకటి నవల, రెండోది చరిత్ర. నేను వీటిని ఒకే మంచం మీద, ఒకే వానాకాలంలో చదివాను. అందుకే ఈ వ్యాసం.

చదివిన చోటు కారేపల్లి. ఖమ్మం జిల్లాలో సింగరేణి మండలానికి కేంద్రం మా ఊరు. బొగ్గు కంపెనీకి పేరిచ్చిన సింగరేణి గ్రామం మా పక్కనే ఉంది. 1871లో ఇల్లందు ప్రాంతంలో విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టాడు. ఆ బొగ్గును బయటికి తరలించడానికి డోర్నకల్ నుంచి పట్టాలు వేశారు. ఆ పట్టాలు మా ఊరి దగ్గర చీలి ఒక పాయ ఇల్లందుకు, ఒక పాయ కొత్తగూడేనికి పోతాయి. కొత్తగూడెం స్టేషనుకు భద్రాచలం రోడ్ అని పేరు. అక్కడ దిగి రాముణ్ణి చూడాలంటే ఇంకా నలభై కిలోమీటర్ల దాకా పోవాలి. 1953లో వరంగల్ నుంచి ఖమ్మం జిల్లా విడిపోయింది. 1959లో భద్రాచలం వచ్చి కలిసింది. 2016లో ఇల్లందు, కొత్తగూడెం, భద్రాచలం వేరే జిల్లా అయిపోయాయి, మేం ఖమ్మంలోనే ఉండిపోయాం. గీతలు ఎన్నిసార్లు మారినా ఊరు మాత్రం అడవికీ బొగ్గుకీ మధ్యనే ఉంది. చుట్టూ లంబాడీ తండాలు, కోయ గూడేలు.

బొగ్గు పోయిన రైలులోనే వారపత్రికలు వచ్చేవి. మా పెదనాన్న బడిపంతులు. డోర్నకల్ వెళ్ళినప్పుడల్లా ప్లాట్‌ఫాం మీద పుస్తకాలు కొనేవాడట. సీరియళ్ళు చింపి, వరస పెట్టి, ఖమ్మంలో బైండు చేయించేవాడట. ఆయన కామెర్లతో పోయినప్పుడు 1979. పెద్దమ్మకు ఇరవై ఏడేళ్ళు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, రెండెకరాల చెలక, ఒక ట్రంకుపెట్టె నిండా పుస్తకాలు మిగిలాయి. ఆ పెట్టెలోనిదే అట్ట ఊడిన ‘చివరకు మిగిలేది’.

పోయిన వానాకాలం పెద్దమ్మకు కంట్లో శుక్లం ఆపరేషను అయింది. నెలరోజులు కళ్ళకు పని పెట్టొద్దన్నారు. ఆమెకు చదవకపోతే పొద్దుపోదు. నేను వెళ్ళి ఉండి, రోజూ పొద్దున కాసేపు, దీపాలు పెట్టాక కాసేపు చదివి వినిపించాను. నాకూ పనికొచ్చింది. పీహెచ్‌డీ కోసం మనం నవలను చదివే తీరు వేరు, పెన్సిలుతో. గట్టిగా చదివినప్పుడు గీత గీసుకోవడానికి వీలుండదు. వినేవాళ్ళు ఎక్కడ కదిలారో, ఎక్కడ లేచి పొయ్యి చూడటానికి పోయారో తెలుస్తుంది.

కథ చాలామందికి తెలిసిందే. దయానిధి తల్లి మీద ఊళ్ళో ఒక అపవాదు ఉంది. ఆమె నడత గురించి జనం గుసగుసలాడతారు. ఆ గుసగుస కొడుకు వెనకే నడుస్తుంది, చదువులో, స్నేహాల్లో, పెళ్ళిలో. తల్లి పోతుంది. ఆమెను ద్వేషించలేడు, నిర్దోషి అని నిలబడి చెప్పనూలేడు. కోమలి, సుశీల, అమృతం, భార్య ఇందిర, కాత్యాయని - అతని జీవితంలోకి వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఆ నీడలోంచే చూస్తాడు. కోస్తా వదిలి రాయలసీమకు, వజ్రకరూరు వైపు పోతాడు. వజ్రం దొరుకుతుంది, ఆస్పత్రి పెడతాడు, ఆ పేరూ ఆ ఆస్తీ నిలవవు. ఇందిర జబ్బు చేసి పోతుంది. చివరికి అతనికి అర్థమయ్యేదేమంటే జీవితానికి అర్థం ఏమిటన్న ప్రశ్నకు జవాబు ఉండదు, మనిషి తనతో తాను సమాధానపడటమే మిగులుతుంది.

విమర్శకులు ఇందులో హామ్లెట్‌ను చూశారు. ఇంగ్లీషు పాఠాలు చెప్పిన, షేక్‌స్పియర్ మీద తెలుగులో పుస్తకం రాసిన మనిషి కాబట్టి అది సహజం. ఫ్రాయిడ్‌ను చూసినవాళ్ళున్నారు. తల్లి కొడుకును ఎలా వెంటాడిందో పుటల కొద్దీ రాశారు. తల్లిని ఊరు ఎలా వెంటాడిందో రాసినవాళ్ళు తక్కువ. నవలలో ఆమె ఎక్కడుంది? కొడుకు జ్ఞాపకంలో ఉంది. ఇరుగుపొరుగు నోళ్ళలో ఉంది. తండ్రి మౌనంలో ఉంది. ఆమె నోట్లో ఆమె లేదు. ఆమె ఎవరినైనా ఇష్టపడిందా, పడితే ఎందుకు పడింది, పడకపోతే ఆ నింద మోస్తూ పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి ముగ్గు ఎలా వేసింది అన్న ప్రశ్నలు ఆ నవలకు రావు. వస్తే అది వేరే నవల అవుతుంది.

దీన్ని బుచ్చిబాబు మీద ఫిర్యాదుగా చెప్పడం లేదు. నిజానికి ఆయన ఒక గొప్ప పని చేశారు. అపవాదు పడిన స్త్రీని కథలో శిక్షించలేదు, సమర్థించే ఉపన్యాసమూ ఇవ్వలేదు. నిజమేమిటో తేల్చకుండా వదిలేశారు. తేల్చకపోవడంలో ఆ రోజులకు ఎంతో మర్యాద ఉంది. అమృతం విషయంలో అయితే ఇంకా ముందుకు పోయారు. పెళ్ళయిన స్త్రీ, తన మనసు తనకు తెలిసిన స్త్రీ, చేసిన పనికి కుంగిపోని స్త్రీ. నవలలో దయానిధి కంటే నాకు ఆమె అంతరంగమే ఎక్కువ కావాలనిపిస్తుంది. కానీ తలుపు కొంచెం తెరుచుకోగానే కథ మళ్ళీ అతని ఆలోచనల్లోకి పోతుంది.

పెద్దమ్మ అభ్యంతరం వేరే. వజ్రకరూరు భాగం చదువుతుంటే ఆపమంది.

“పెండ్లాన్ని అత్తగారింట్ల ఇడిసిపెట్టి, ఊరిడిసి, రాళ్ళల్ల బడి తిరుగుతండు. తల్లి పాయెనని బాధ. మంచిదే. అన్నం ఎవరు వండుతున్రే ఆయనకు?”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

“నవ్వుడు గాదు బిడ్డా. ఏడ్వనీకి గూడ తావుండాలె. ఆయనకు దేశమంత తావుంది. మీ పెదనాయిన పోయినప్పుడు నాకు పదకొండు రోజులిచ్చిన్రు. పన్నెండో నాడు బర్రె పాలియ్యకుండ ఊకుంటదా?”

ఈ పదకొండు రోజుల మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మా వైపు చావు తరువాత జరిగే తంతును సాహిత్య విద్యార్థిగా ఎప్పుడూ చదవలేదు, చూశానంతే. పెద్దకర్మ నాడు రెండు పనులు జరుగుతాయి. తండ్రి పోయిన కొడుక్కి గుండు చేయించి, స్నానం చేయించి, కొత్తబట్టలు పెట్టి, అందరి ముందు కూర్చోబెట్టి తలపాగా చుడతారు. మేనమామ చుడతాడు. ఆ తలపాగాతో అతను ఇంటి పెద్ద అవుతాడు. అప్పులిచ్చినవాళ్ళు ఇక అతని మొహం చూసి మాట్లాడతారు. భార్య పోయిన మొగుడికి తీసేయడానికి ఒంటి మీద ఏమీ ఉండదు. మొగుడు పోయిన భార్యకు ఉంటాయి. తెల్లవారకముందే ముందే ముండమోసిన ఆడవాళ్ళు నలుగురు ఆమెను తీసుకుపోయి గాజులు పగలగొట్టి, పుస్తెలు తీసి, బొట్టు తుడిచి, పుట్టింటివాళ్ళు తెచ్చిన చీర కడతారు. ఆమెను ఆ పూట పుణ్యస్త్రీలు చూడకూడదని తలుపులు వేసుకుంటారు. పెద్దమ్మ పుట్టింటినుంచి వచ్చిన చీర తెల్లది కూడా కాదట, లేత నీలం. ఖమ్మంలో మామయ్య తొందరలో దొరికింది కొన్నాడు. దానికి కూడా ఒక మాట వచ్చింది.

అంటే ఒకే చావు ఒకరికి పేరును చుడుతుంది, ఇంకొకరి ఒంటి మీద ఉన్నవన్నీ ఒలుస్తుంది. ‘నేనెవరు’ అన్న ప్రశ్న వేసుకోవడానికి చావు మంచి సమయమని నవలలు చెప్తాయి. తలపాగా చుట్టించుకున్నవాడికి అది సమయమే, అతని చేతిలో ఒక ‘నేను’ పెట్టారు కాబట్టి. అది బరువుగా ఉందని, తనకు సరిపోలేదని, విప్పేయాలని అతను బాధపడవచ్చు. దయానిధి బాధ ఆ జాతిది. బరువైనా, సరిపోకపోయినా, చేతిలో ఉంది. తెలుగు నవల దుఃఖం గురించి మొదలుపెట్టినప్పుడు కర్మకాండ ఎవరికి తలపాగా చుట్టిందో నవల కూడా వాళ్ళకే చుట్టింది. కర్మకాండ మీద నమ్మకం లేని, పడమటి సాహిత్యం చదువుకున్న రచయిత చేతిలో కూడా.

మరి ఆడవాళ్ళ దుఃఖానికి రూపమే లేదా? ఉంది. ఎంత పాతదో చెప్పలేనంత పాతది. మా ఊళ్ళో దాన్ని శోకం పెట్టడం అంటారు.

శోకం అంటే ఊరికే ఏడుపు కాదు. చావింటికి వచ్చిన ఆడమనిషి వాకిట్లో అడుగు పెడుతూనే గొంతెత్తుతుంది. ఇంట్లోవాళ్ళను ఒకరి తరువాత ఒకరిని మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకుని, పోయినవాళ్ళను పేరు పెట్టి, వరస పెట్టి పిలుస్తుంది. రాగం ఉంటుంది. వాక్యం చివర ఒక దీర్ఘం లాగి ఊపిరి తీసుకుంటుంది. అందులో కథ ఉంటుంది. నువ్వు నాకు ఫలానా పండక్కి చీర తెచ్చావు, ఫలానా కరువులో గింజలు పంపావు, నా కాన్పుకి బండి కట్టుకుని వచ్చావు అంటూ మొదలవుతుంది. రెండు మూడు మాటల తరువాత దారి మళ్ళుతుంది. నీ తరువాత నన్ను ఎవరు పిలుస్తారు, అన్నలు పండక్కి పిలవడం మానేశారు, తాగి వచ్చి కొడితే అడిగేవాళ్ళు లేరు, నన్ను ఈ ఊరికి ఇచ్చినప్పుడు ఎవరూ అడగలేదు అని. అన్నలు అక్కడే, పందిరి కింద, తలలు వంచుకుని కూర్చుని ఉంటారు. ఆ పూట ఆమెను నోరు మూసుకొమ్మనే ధైర్యం ఎవరికీ ఉండదు. ఏడాది పొడుగునా అనలేని మాట శవం వాకిట్లో ఉన్నంతసేపు అనవచ్చు.

మా ఊళ్ళో ఆడమనిషికి ‘నేను’ అంటూ తన జీవితాన్ని మొదటినుంచి చివరిదాకా, నలుగురి ముందు, అడ్డం లేకుండా చెప్పుకునే చోటు నాకు తెలిసి ఇదొక్కటే. పెళ్ళిలో లేదు, పంచాయితీలో లేదు. పరాయి చావు సందున ఆమె తన ఆత్మకథ చెప్పుకుంటుంది.

తండాల్లో ఇంకొక తీరుంది. లంబాడీల్లో పెళ్ళయి అత్తగారింటికి పోయే పిల్ల తల్లినీ, తండ్రినీ, అన్ననూ ఒక్కొక్కరినీ పట్టుకుని పాటగా ఏడుస్తుంది. దాన్ని ఢావ్లో అంటారు. ముసలమ్మలు ముందే పిల్లకు నేర్పిస్తారు. ఏడవడం నేర్పడమేమిటని చదువుకున్నవాళ్ళు వింతగా చూస్తారు. సంగీతం నేర్పడం వింత కానప్పుడు ఇది వింతెందుకు? దుఃఖానికి ఒక శిల్పం ఉందని, అది తరం నుంచి తరానికి అందించాలని వాళ్ళకు తెలుసు. మనం ఎంఏలో శిల్పం అంటే నవలది, కథది అని చదువుకుంటాం.

అచ్చు పుస్తకాల్లోకి వచ్చేసరికి ఆడవాళ్ళకు ఈ శోకం వదులుకోవలసి వచ్చింది. నోరు తెరిచి ఏడవడం మోటుతనం అయింది. చదువుకున్న స్త్రీ గంభీరంగా ఉండాలి. బండారు అచ్చమాంబను చూడండి. తన ఇద్దరు పిల్లలనూ పోగొట్టుకున్న మనిషి. తరువాత అనాథ పిల్లలను ఇంట్లో పెట్టుకుని సాకింది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదలుపెట్టి దేశంలోని స్త్రీల జీవితాలను వెతికి వెతికి రాసింది. 1902లో ‘ధన త్రయోదశి’ కథ రాసింది. 1905లో ముప్పై దాటీ దాటకుండానే పోయింది. ఎందరి చరిత్రలో రాసిన ఆమె తన పిల్లల గురించి ఒక పుస్తకం రాసుకోలేదు. పరాయి ఆడవాళ్ళ కథలు పోగు చేయడమే ఆమె శోకం అయిందేమో అని నాకు అనిపిస్తుంది. ఇది పరిశోధన కాదు, అనిపించడమే. 1934లో ఏడిదము సత్యవతి ‘ఆత్మచరితము’ అచ్చయింది. తెలుగు స్త్రీల ఆత్మకథల్లో తొలివాటిలో ఒకటి. రాసినామె భర్తను పోగొట్టుకున్న స్త్రీ. అదే 1934లో మా ఖమ్మంలో ఆంధ్ర మహాసభతో పాటు ఆంధ్ర మహిళా సభ జరిగింది. ఎల్లాప్రగడ సీతాకుమారి అధ్యక్షత వహించారు. ఆడవాళ్ళు వేదిక ఎక్కి మాట్లాడిన ఆ రోజుల్లో, ఖమ్మం చుట్టుపక్కల పల్లెల్లో పెద్దకర్మ నాటి తెల్లవారుజాము పని యథాప్రకారం జరుగుతూనే ఉంది.

నవలలోకి వస్తే, చావు తరువాత ఆడపిల్ల ఏం చేస్తుందో సూటిగా రాసింది డాక్టర్ పి. శ్రీదేవి. ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చి 1958లో పుస్తకమైన ‘కాలాతీత వ్యక్తులు’లో అందరికీ ఇందిర గుర్తుంటుంది. అది ఆమె నవలే. కానీ కల్యాణిని చూడండి. తండ్రి పోతాడు. ఒంటరిదవుతుంది. ఆమెకు వజ్రకరూరు లేదు. ఎక్కడ ఉండాలి, చదువు సాగుతుందా, ఎవరి మాట నమ్మాలి అన్నవి వెంటనే తేల్చుకోవలసిన లెక్కలు. దుఃఖం ఆ లెక్కల మధ్యలో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. దీన్ని లోతు తక్కువ అనేవాళ్ళను నేను విన్నాను. నాకైతే అద్దెగది వెతుక్కుంటున్న దుఃఖమే తెలిసిన దుఃఖం. శ్రీదేవి ఇంకొక నవల రాయకుండానే 1961లో ముప్పై రెండేళ్ళ లోపే పోయింది.

ఇక్కడ ఇంకొకరి పేరు చెప్పాలి. బుచ్చిబాబు 1967లో పోయారు. భార్య శివరాజు సుబ్బలక్ష్మి 2021 దాకా ఉన్నారు. ఆమె కథలు రాశారు, ‘అదృష్టరేఖ’, ‘నీలంగేటు అయ్యగారు’ లాంటి నవలలు రాశారు, బొమ్మలు వేశారు. భర్త లేకుండా యాభైమూడేళ్ళు బతికిన రచయిత్రిని చూడటానికి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది ‘చివరకు మిగిలేది’ గురించి అడగడానికే వెళ్ళారు. ఆమె ఓపికగా చెప్పేవారు. ఆ నవల మీద వచ్చిన వ్యాసాల పక్కన ఆమె కథల మీద వచ్చిన వ్యాసాలు పెట్టి చూస్తే తలపాగా ఎవరికి చుట్టారో మళ్ళీ తెలుస్తుంది.

‘చివరకు మిగిలేది’ అయిపోయిన రోజు పెద్దమ్మ ఏమీ అనలేదు. మర్నాడు నేను తెచ్చుకున్న పుస్తకాల్లోంచి ‘మనకు తెలియని మన చరిత్ర’ తీశాను. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళను కలిసి, వాళ్ళ మాటల్ని వాళ్ళ మాటల్లోనే 1986లో అచ్చువేసిన పుస్తకం. అందులో మానుకోట వైపు కమలమ్మ ఉంది. మానుకోట మాకు దూరం కాదు. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చాక దళాలు అడవుల్లోకి జరిగాయి. దళంతో తిరుగుతున్న కమలమ్మ చంటిబిడ్డను ఇచ్చేయవలసి వచ్చింది. బిడ్డ ఏడిస్తే అందరికీ ప్రమాదం. పార్టీయా బిడ్డా అన్న ప్రశ్న ఆమె ముందుకు వచ్చింది. మొగవాళ్ళకు ఆ ప్రశ్న ఆ రూపంలో రాలేదు. ఆమె చెప్పింది చదువుతుంటే నాకు శోకం లయ వినబడింది, అదే పిలుపు, అదే ఆగడం, చెప్పిన మాటనే మళ్ళీ చెప్పడం. టేపు రికార్డరు పట్టుకుని వెళ్ళిన స్నేహితురాళ్ళు దాన్ని సాఫు చేయకుండా ఉంచినందుకు మనం రుణపడి ఉండాలి. ఒక శవం లేకుండా, ఒక పందిరి లేకుండా, నలభై ఏళ్ళ తరువాత, వినడానికి మనుషులు వచ్చారు కాబట్టి ఆమె శోకం పెట్టింది.

పెద్దమ్మ దగ్గర అడవి గురించి తన జ్ఞాపకాలున్నాయి. అవి ఆమెవి, ఇక్కడ రాయను.

తరువాత కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ చదివాం. 2012లో వచ్చినప్పుడు చదివాను, మళ్ళీ చదవడానికి పదేళ్ళు పట్టింది. అది నవల కాదు. కానీ నెమ్మదైన పుస్తకమంటే ఏమిటో, దుఃఖంలోంచి మనిషి తనను తాను ఎలా పోగు చేసుకుంటుందో చూడాలంటే నేను ముందు దాన్నే చేతికిస్తాను. పామర్రులో 1918లో పుట్టింది. ఊహ తెలియని వయసులో పెళ్ళి, అలాగే వైధవ్యం. తాను విధవనన్న సంగతి తనకు బయటివాళ్ళ మాటల్లో తెలిసింది. కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం, పార్టీ, పాటలు, రహస్య జీవితం. ఆయన వదిలేసిపోయాడు. ముప్పై దాటాక హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివింది. కాకినాడలో ఆడపిల్లల పాలిటెక్నిక్ హాస్టల్లో మేట్రన్‌గా ఉద్యోగం చేసింది. కొడుకు చందు ఉద్యమంలో పోయాడు. అల్లుడు పోయాడు, ఆ దెబ్బకు డాక్టరైన కూతురు కరుణ ప్రాణం తీసుకుంది. మనవరాళ్ళను చూసుకుంటూ బతికింది. నూరేళ్ళు నిండాక 2018 సెప్టెంబరులో విశాఖలో పోయింది.

ఇన్ని చావులున్న పుస్తకంలో ఏడుపు చాలా తక్కువ. ఎవరు సాయం చేశారో చెప్తుంది, ఎవరింట్లో ఉన్నదో చెప్తుంది, ఎంతలో సర్దుకుందో చెప్తుంది. కరుణ చావు దగ్గర వాక్యాలు పొట్టివవుతాయి. గొంతు పైకి లేవదు. అపవాదు పడ్డ తల్లి, వదిలేయబడ్డ భార్య, బిడ్డలు పోయిన అమ్మ - నవలలు ఇలాంటివాళ్ళను కొడుకుల జ్ఞాపకాల్లో ఉంచుతాయి. ఇక్కడ ఆ మనిషే మాట్లాడుతుంది, తొంభై దాటాక. ముసలితనంలో సీతారామయ్య చూడాలని ఉందని కబురు పెడితే మొదట రానంది. తరువాత ఎప్పటికో వెళ్ళింది. ఆ వెళ్ళడాన్ని క్షమించడం అని గానీ, ప్రేమ అని గానీ ఆమె పేరు పెట్టలేదు. ఆ పేరు పెట్టకపోవడం నాకు బుచ్చిబాబు తల్లి విషయంలో తేల్చకపోవడం కంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఆయన పక్కనుంచి చూస్తూ తేల్చలేదు. ఈమె తన సొంత గుండె గురించి, అన్నీ తెలిసి, తేల్చలేదు.

తనతో తాను సమాధానపడటం అన్నది దయానిధికి చివర్లో దొరికిన ఆలోచన. కోటేశ్వరమ్మ ఆ మాట వాడదు. ముప్పై అయిదేళ్ళ వయసులో చిన్నపిల్లల మధ్య బెంచీ మీద కూర్చుని పరీక్షకు చదువుకోవడం, హాస్టలు స్టోరుగది తాళాలు చేతిలోకి తీసుకోవడం - ఆ పనుల్లో ఆమె ‘నేను’ ఒక్కో వస్తువుగా తిరిగి వస్తుంది. ఎవరూ చుట్టిన తలపాగా కాదు. ఒలిచేసినవాటిలో ఒకటొకటి వెతికి తెచ్చుకున్నవి. అందుకే ఈ పుస్తకాన్ని ఆత్మకథల అరలో పెట్టి, దుఃఖం, అస్తిత్వం అన్న పాఠానికి మాత్రం నవలలే చాలనుకునే మన సిలబస్‌లతో నాకు తగాదా. శోకం నుంచి కమలమ్మ మాటలకూ, అక్కడి నుంచి ‘నిర్జన వారధి’కీ ఒక దారి ఉంది. అది నవల వాకిట్లోంచి పోదు. మన సాహిత్య చరిత్ర నవల గడప మీద కూర్చుని ఆడవాళ్ళు ఇంకా రాలేదేమని చూస్తోంది.

కరుణ పోయిన పేజీలు చదివిన రాత్రి పెద్దమ్మ చాలని చెప్పి అటు తిరిగి పడుకుంది. మర్నాడు పొద్దున పుస్తకం తీసి, ఆగిన చోట మొదలుపెట్టబోయాను. అక్కడ కాదంది. వెనక్కి పొమ్మంది, ఆమె మొదటిసారి హాస్టల్లో ఉద్యోగంలో చేరిన చోటికి.

“ఆ గది ఆమెకే ఇచ్చిన్రా, ఇంకెవలన్న ఉన్నరా అండ్ల?”

పేజీలు తిప్పి వెతికాను.